నాకు రాని భాష

మా ఇంట్లో నన్ను మిరపకాయ అంటారు. ముద్దుకి కాదు, భయానికి. ఒకసారి కాలేజీ బస్సులో నా వెనక నిలబడి వెకిలివేషాలు వేస్తున్నవాడి వేలు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచాను. టక్కుమంది. ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టమే, దాచుకోవడం దేనికి? అందుకే ఎయిర్‌పోర్టులో మా అమ్మ తిండి గురించీ స్వెట్టర్ల గురించీ ఒక్క మాటా చెప్పలేదు. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, నోరు జాగ్రత్త, చెయ్యి ఇంకా జాగ్రత్త అని పంపించింది.

అలాంటిదాన్ని తీసుకొచ్చి ఏ పనిలో పెట్టారో చూడండి. ఎదురుగా కూర్చుని తిడుతుంటే అర్థం కానట్టు నవ్వే పనిలో.

పని పేరు భాషా సహాయకురాలు. చోటు ఒక వృత్తి పాఠశాల. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలకి జుట్టు కత్తిరించడం, రంగులు వేయడం, తలలు కడగడం నేర్పుతారు. పొద్దున పై అంతస్తులో పాఠాలు, మధ్యాహ్నం కింద ప్రాక్టికల్ హాల్లో అద్దాల ముందు పని. రేపు పెద్ద హోటళ్ళలో పరాయి దేశపు ఆడవాళ్ళ తల మీద చెయ్యి వేయాలంటే నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి కదా. దానికో టీచర్, ఆ టీచర్ పక్కన నేను. పాఠం ఆవిడ చెబుతుంది. నేను చిన్న కుర్చీ ఒకటి లాక్కుని పిల్లల మధ్య కూర్చుని, ఒకరు కస్టమరు, ఒకరు పనిచేసే అమ్మాయి అని జతలు కట్టి మాట్లాడించాలి.

ఆ టీచర్ని పెద్ద టీచర్ అందాం. వయసులోనూ పెద్దదే, ఒళ్ళులోనూ పెద్దదే. మొదటి రోజున నన్ను కూర్చోబెట్టి మా భాష వచ్చా అని అడిగింది. రెండేళ్ళు కిందామీదా పడి నేర్చుకుని పరీక్ష పాసయిన దాన్ని. గర్వంగా వచ్చండీ అన్నాను.

"రాదు" అంది ఆవిడ. "ఈ గుమ్మం దాటి లోపలికి వచ్చాక నీకు మా భాష ఒక్క ముక్క రాదు. వస్తుందని తెలిసిన రోజున ఈ పిల్లలు చచ్చినా ఇంగ్లీషులో నోరు తెరవరు. నీకు ముందు వచ్చినమ్మాయి ఒక్క మాట జారింది. ఏడాదంతా గంగలో కలిసింది."

భాషా సహాయకులందరికీ ఇది మామూలు పద్ధతేనట. సరే అన్నాను. నన్ను ఇంకో ఏడాది ఉంచాలో, సామాను సర్దుకోమనాలో తేల్చేది కూడా ఆవిడే మరి.

నేను ఉండేది మా పిన్ని ఇంట్లో. బట్టలుతికే కొట్టు పైన రెండు గదులు. కింద యంత్రాలు తిరుగుతుంటే మా నేల సన్నగా వణుకుతుంది. బాబాయి బస్సు నడుపుతాడు, పిన్ని ఆసుపత్రి వంటశాలలో పాత్రలు తోముతుంది. నాకు సోఫా వెనక మడత మంచం, తల దగ్గర పిల్లల స్కూలు సంచులు. ఆ పిల్లలిద్దరూ నా పరీక్ష పుస్తకాల్లో లేని భాషంతా నేర్పారు. పచ్చి బూతులతో సహా. పిన్ని వింటూ కూడా విననట్టు గిన్నె కడుక్కునేది. నా ఉద్యోగం పద్ధతి చెప్పినప్పుడు మాత్రం పడీపడీ నవ్వింది. నీకా, నోరు మూసుకునే ఉద్యోగమా, ఆ స్కూలు వాళ్ళకి మన ఇంటి అడ్రసు ఇచ్చావా, రేపు నష్టపరిహారానికి వస్తారేమో అంది.

మొదటి వారమే తెలిసింది ఆ నవ్వు ఎంత నిజమో.

క్లాసులో ఒక పిల్ల ఉంది. చేతివేళ్ళకి కత్తుల్లాంటి ఎర్రటి గోళ్ళు. గోళ్ళరాణి అని పేరు పెట్టుకున్నాను. ఎటు వెళ్ళినా వెనకే ఇద్దరు తోకలు. అందం ఉంది, పనితనం ఉంది, ఒంటి నిండా విషం కూడా ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చోగానే తోకల వంక తిరిగి, వచ్చిందే తాడు అనేది. తాడంటే నా జడ. నడుం దాటుతుంది నా జడ, మా అమ్మమ్మ చేతి నూనె తాగి పెరిగింది. దీన్ని తాడుతో పాటు ఫ్యానుకి కట్టేస్తే ఎంతసేపు తిరుగుతుందో అనేది ఒక తోక. నూనె కంపుకి ఫ్యానే పారిపోతుంది అనేది రెండోది. నేను పళ్ళన్నీ బయటపెట్టి గుడ్ మార్నింగ్ గర్ల్స్ అనేదాన్ని. లోపల పళ్ళు ఎంత నూరుకున్నానో నా దవడకే తెలుసు.

ప్రాక్టికల్ హాల్లో వరసగా రబ్బరు తలలు ఉంటాయి, జుట్టు పెట్టి, కళ్ళు గీసి. తలుపు దగ్గర నుంచి ఎన్నిసార్లు చూశానో, గోళ్ళరాణికి విసుగొస్తే కత్తెర మొన తీసుకుని ఆ గీసిన కళ్ళలో పొడిచేది. తీరుబడిగా, ఒకదాని తర్వాత ఒకటి. వాళ్ళ మాస్టారు చూసి సామాను పాడుచేయకు అనేవాడు. అంతే.

ఆ క్లాసులోనే చివరి బల్ల దగ్గర ఇంకో పిల్ల. మూలపిల్ల. నాలాగే వేరే దేశం నుంచి తల్లితో వచ్చి పడింది. ఇక్కడి భాష తిండికీ బస్సుకీ సరిపడా తప్ప రాదు. అందుకని క్లాసులో అందరూ అది నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నారు. నేను వెళ్ళి ఇంగ్లీషులో పలకరించేసరికి గేటు తెరిచినట్టయింది. వాళ్ళ చిన్నప్పటి స్కూల్లో ఇంగ్లీషే. వాగుడుకాయ. పెద్ద టీచర్ నడక చేసి చూపించి నన్ను నవ్వించి చంపేది. నా జడ విప్పి మళ్ళీ అల్లేది. మీ భాషలో పెద్ద ఆడపిల్లని ఏమంటారు అని అడిగితే అక్క అని చెప్పాను. ఆ రోజు నుంచీ ఇంగ్లీషు మధ్యలో అక్కా అక్కా అని తగిలించేది. సముద్రాలు దాటి వచ్చాక నన్ను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి. ప్రాణం లేచొచ్చేది నాకు.

గొడవ హోటల్ సీటుతో మొదలైంది. ఊళ్ళోకెల్లా పెద్ద హోటల్ సెలూన్‌లో ఏటా ఈ స్కూలు నుంచి ఒక్క పిల్లని తీసుకుంటారు. చేతిపనిలో గోళ్ళరాణీ మూలపిల్లా ఇద్దరూ సమానమే. ఇంగ్లీషు మాట్లాడించి మార్కులు వేసేది నేను. మూలపిల్లకి ఎక్కువ వేశాను, దానికి వచ్చు కాబట్టి. సీటు దానికి వెళ్ళింది. గోళ్ళరాణి చీమ కుట్టినట్టు కూడా లేకుండా చప్పట్లు కొట్టింది.

మర్నాడు మాట్లాడించే క్లాసులో నా పక్కనే కూర్చుని తోకలతో, ఆ జుట్టుతోనే కదా హోటలుకి పోయేది, జుట్టే లేకపోతే? అంది. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. ఆడపిల్లల కడుపుమంట, నాలుగు మాటలతో చల్లారుతుందిలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మూలపిల్ల కస్టమరుగా కుర్చీలో కూర్చుంటే, ఒక తోక, కత్తెర జారిందంటూ నెత్తిమీద గుప్పెడు జుట్టు మొదలంటా కోసేసింది. నెత్తిమీద అరచేతి మేర తెల్లగా చర్మం బయటపడింది. క్షమాపణ చెప్పించారు. ముగ్గురూ ముసిముసిగా నవ్వుతూ చెప్పారు. మూలపిల్ల తలకి గుడ్డ కట్టుకుని, వాళ్ళేం గొణుక్కుంటారో నాకెప్పటికీ తెలీదక్కా అని ఏడ్చింది. దాని వీపు నిమిరాను.

తర్వాత విన్నది ఇంకా పచ్చిగా ఉంది. జుట్టు మళ్ళీ మొలుస్తుందే, చర్మం మొలవదు అంది గోళ్ళరాణి. రేపు, ఇస్త్రీ పటకారు అనే మాటలు కూడా విన్నాను. జుట్టు సాఫు చేసేందుకు కాల్చి పట్టే పటకారు అది. ఇక ఆగలేదు. సరాసరి పెద్ద టీచర్ గదికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ అంతా విని, చూస్తాను అంది. దారిలో మూలపిల్ల కనపడితే, రేపు కాస్త జాగ్రత్తగా ఉండు అన్నాను. ఎందుకక్కా అంది. ఊరికే అన్నాను. అంతకంటే ఏం చెప్పినా నాకు భాష వచ్చని చెప్పినట్టే. అదేమో నా భుజం మీద గుద్ది, నువ్వు మా అమ్మ కంటే భయస్తురాలివి అని నవ్వుకుంటూ పోయింది.

పెద్ద టీచర్ చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను మెట్ల మీద ఉండగా కింద నుంచి కేక వినపడి హాలు తలుపు దాకా పరిగెత్తాను. పటకారు దాని మెడ మీద, చెవి కింద పడింది. పడింది అన్నారు. పడ్డ పటకారు ఒక్క క్షణం తగిలి జారిపోతుంది, మెడకి అతుక్కుని చర్మం ఊడిపోయేదాకా ఉండదు. కాలిన వాసన హాలంతా పట్టేసింది. మూలపిల్ల నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని గొంతు పోయేదాకా అరుస్తోంది. గోళ్ళరాణి తడిగుడ్డ తెచ్చి అద్దింది. అద్దుతూ నొక్కింది కూడా. తలుపు దగ్గర నిలబడి నా కళ్ళతో చూశాను.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్ద టీచర్ గదిలోకి తోసుకుని వెళ్ళి, నిన్న చెప్పాను కదండీ అన్నాను. ఆవిడ లేచి తలుపు వేసింది.

"నిన్న నువ్వేం చెప్పావు? వాళ్ళు మాట్లాడుకున్నది విన్నానన్నావు. నీకు మా భాష రాదు. రాదని స్కూలంతటికీ తెలుసు. రానిదానివి ఎలా విన్నావు?" అంది. "కాబట్టి నువ్వేమీ వినలేదు."

ఏడాది చివర నన్ను ఉంచాలో వద్దో రాయాల్సింది ఆవిడే కదా అని ఆ క్షణంలో గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంటికెళ్ళి పిన్నితో అంటే, నీ వీసా నీ ఇష్టం, కానీ ఆ పిల్లకి చెప్పేయవే అంది. చెప్తాను పిన్నీ అన్నాను. మెడకి కట్టుతో మూలపిల్ల మళ్ళీ స్కూలుకి రాగానే చెప్పేద్దామనుకున్నాను. అది వచ్చి, నువ్వు జాగ్రత్త అన్నావు చూడు అక్కా, నీకు మనసుకి ముందే తెలిసిపోతుంది అంది. ఆ మొహం చూసి గొంతులోనే మింగేశాను. రేపు చెబుదాం, కట్టు విప్పాక చెబుదాం, ఇలా పోయింది.

అలా ఉండగా ఒక రోజు స్కూలుకి ఎవరో అధికారులు వచ్చారు. పెద్ద టీచర్ క్లాసు నా మీద వదిలేసి వాళ్ళ వెంట పోయింది. పాఠం తల కడగడం. జతలు కట్టి బోర్డు మీద మాటలు రాసి మాట్లాడమన్నాను. గోళ్ళరాణి, తోకలిద్దరిలో పెద్దది నా ముందే కూర్చున్నారు.

"ఈజ్ ది వాటర్ ఓకే, మేడమ్?" అంది గోళ్ళరాణి.

"ఎస్, థాంక్యూ" అని, అదే నవ్వు మొహంతో, అదే గొంతుతో తోక తమ భాషలోకి దిగిపోయింది. "సీసా మార్చేశావా?"

"పొద్దునే మార్చాను. కిటికీ పక్క బేసిన్ దగ్గర ఉంది. పైన షాంపూ అని ఉంటుంది, లోపల రంగు దించే మందు. నీళ్ళు కలపలేదు. దాని తల కడగడం ఇవాళ నా వంతే, మాస్టారే వేశాడు."

"కళ్ళు మూసుకుంటుందిగా?"

"మెడ మీద కట్టు తడిసిందేమో చూసుకో అంటాను. తెరుస్తుంది. తెరవగానే పోస్తాను. హోటల్లో అద్దం ముందు నిలబడుతుందట. నిలబడనీ, అద్దం కనపడితే కదా."

అయినా నవ్వాను. వెరీ గుడ్, వన్స్ మోర్ అన్నాను. నేను విన్నది నిజమేనా అని తేల్చుకోవాలి. వాళ్ళు మళ్ళీ చెప్పారు, ఈసారి కిసకిసలతో. అంతా నిజమే. రంగు దించే మందంటే ఏమిటో నాకూ తెలుసు. నల్లటి జుట్టుని గడ్డి రంగుకి తెచ్చేస్తుంది. నీళ్ళు కలిపినదే చేతికి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

మూలపిల్ల కోసం చుట్టూ చూశాను. చివరి బల్ల ఖాళీ. ఎక్కడ అంటే, మాస్టారు హాలు సర్దడానికి ముందే పిలిచారు అన్నారెవరో. అంతలో బెల్లు మోగింది, పిల్లలందరూ తోసుకుంటూ పోయారు. గోళ్ళరాణి పోతూ పోతూ, బై బై తాడూ అని చెయ్యి ఊపింది.

పెద్ద టీచర్ కోసం వెళ్ళలేదు ఈసారి. వెళ్తే ఏం వింటానో తెలుసు. బల్లలు సర్దుతున్నట్టు ఒక్క క్షణం నిలబడ్డాను, అంతే. నా వీసా, నా మడత మంచం, అమ్మ మాట, అన్నీ ఆ ఒక్క క్షణంలో తిరిగాయి. తర్వాత మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు. సహాయకులు ప్రాక్టికల్ హాల్లోకి వెళ్ళకూడదని తలుపు మీద రాసే ఉంటుంది. ఆ తలుపు భుజంతో గుద్దుకుని వెళ్ళాను.

లోపల డ్రయ్యర్ల హోరు. మాస్టారు సామాను గదిలో ఎక్కడో ఉన్నాడు. కిటికీ పక్క బేసిన్‌లో మూలపిల్ల తల వెనక్కి వాల్చి పడుకుని ఉంది. చెవుల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. గోళ్ళరాణి ఎడమ చేత్తో దాని నుదురు పట్టుకుని, కుడి చేత్తో సీసా మూత తీసి, ఏదో అంటోంది. మూలపిల్ల కళ్ళు తెరుస్తోంది. నాకూ వాళ్ళకీ మధ్య కుర్చీలు, ట్రాలీలు, సగం హాలు. ఇంగ్లీషులో లే అని అరిచాను. ఎవరూ తిరగలేదు.

అప్పుడు నాకు రాని భాషలో అరిచాను.

"సీసా దించవే లంజా, నీ చెయ్యి విరిచి నీ నోట్లో పెడతా!"

పిన్ని పిల్లల దగ్గర నేర్చుకున్నదీ, ఆ క్లాసులో నన్ను అన్నవీ, అన్నీ కలిసి ఒక్కసారి బయటికొచ్చాయి. డ్రయ్యర్లు ఒకటొకటే ఆగిపోయాయి. గోళ్ళరాణి సీసా పట్టుకున్నది పట్టుకున్నట్టే నా వంక తిరిగి చూసింది. నోరు తెరుచుకుని ఉంది. తాడుకి మాటలు ఎక్కడివని కాబోలు. అది బిత్తరపోయిన ఆ కాస్త వ్యవధి చాలు. ట్రాలీ తోసేసి వెళ్ళి మూలపిల్లని భుజం పట్టుకుని ఈడ్చి కింద పడేశాను. తల నేలకి తగిలి అది కెవ్వుమంది.

గోళ్ళరాణికి తెలివొచ్చింది. అయితే ఇన్నాళ్ళూ విన్నావన్నమాట అంది. అంటూనే నా జడ అందుకుని చేతికి రెండు చుట్లు చుట్టి గుంజింది. మెడ విరిగిందనుకున్నాను. వెనక్కి పడి బేసిన్ అంచుకి నడుం కొట్టుకుంది. కొయ్యవే అని అది అరవగానే పెద్ద తోక కత్తెర పెట్టి నా జడ కరకరా కోసింది. నాలుగైదు పోట్లకి గానీ తెగలేదు, ఒక పోటు చెవి తమ్మె మీద కూడా పడింది. రక్తం వెచ్చగా భుజం మీదకి దిగింది. జడ తెగిపోయి తల ఒక్కసారి తేలికయింది.

సీసా నా మొహానికి ఎత్తింది గోళ్ళరాణి. నాకు కనపడిందల్లా ఆ సీసాని చుట్టుకున్న ఎర్రటి గోరు. ఆ వేలు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచాను. టక్కుమంది. అది ఊళ ఎత్తి, నొప్పికి గుప్పిట బిగించేసింది. సీసా గుప్పిట్లో నలిగి మందంతా ఎగజిమ్మింది. నా దవడ మీద కాస్త పడింది, నిప్పు అంటించినట్టయింది. మిగతాదంతా దాని మొహం మీద, తెరిచి ఉన్న కళ్ళలో పడింది.

అంత అరుపు మనిషి గొంతులోంచి వస్తుందని నాకు తెలీదు. రెండు చేతులతో కళ్ళు నలుపుకుంటూ కుర్చీలకి గుద్దుకుంటూ తిరిగింది. తోకలిద్దరూ గోడకి అతుక్కుపోయారు. నేను నిలబడి చూశాను. అబద్ధం ఎందుకు, హాయిగా ఉంది నాకు. ఆ వేలి చప్పుడు కంటే హాయిగా ఉంది.

నన్ను కదిపింది మూలపిల్ల. అది లేచి, ఏమైందో అడగకుండా బేసిన్ పైపు అందుకుని నీళ్ళు తిప్పింది. పట్టుకో, పట్టుకో దాన్ని అని నామీద అరిచింది. అప్పుడు కదిలాను. గోళ్ళరాణిని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి బేసిన్‌లో తల పెట్టి మోకాలితో ఛాతీ మీద అదిమాను. అది నా మణికట్టు కొరికింది. కొరకనిచ్చాను. రెండు వేళ్ళతో దాని రెప్పలు విప్పి పట్టుకున్నాను. మూలపిల్ల ముక్కు వైపు నుంచి బయటికి కారేలా పైపు పట్టుకుంది, వాళ్ళకి నేర్పినట్టే, ఒత్తిడి ఎక్కువ కాకుండా. తన్నుతున్నా, రక్కుతున్నా ఆంబులెన్సు వచ్చేదాకా కడుగుతూనే ఉన్నాం. ఒక కన్ను పూర్తిగా, రెండోది సగం దక్కాయని, ఆ కడగడం వల్లేనని తర్వాత ఆసుపత్రిలో అన్నారట. పిన్నే వచ్చి చెప్పింది.

ఆంబులెన్సు వాళ్ళకి ఏం మందో, ఎంతసేపు కడిగామో వాళ్ళ భాషలోనే గడగడా చెప్పాను. పోలీసులు వచ్చాక వాళ్ళకీ చెప్పాను, జుట్టు కోసిన దగ్గర నుంచి సీసా మార్చిన దాకా. పెద్ద టీచర్ అప్పటికి దిగి వచ్చింది, వెనక అధికారులు. నేను మాట్లాడుతుంటే ఆపబోయింది. మీరు ఆగండి, నాకేం వచ్చో, ఏం రాదో ఇకనుంచి నేను చెప్పుకుంటాను అన్నాను. కబురు చేసేదాకా స్కూలుకి రావద్దు అంది ఆవిడ. సరే అన్నాను. ఆ మాటకి భయపడాల్సింది ఇంకేమీ మిగల్లేదు నా దగ్గర.

అందరూ పోయారు. హాల్లో తడి, రక్తం, ఆ మందు కంపు. నా జడ బేసిన్ కింద నీళ్ళలో పడి ఉంది. మూలపిల్ల తడి జుట్టుతో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఇంతసేపూ నేను వాళ్ళందరితో మాట్లాడుతుంటే అది కదలకుండా చూస్తూనే ఉందని నాకప్పుడు తెలిసింది.

"నీకు వాళ్ళ భాష వచ్చు" అంది ఇంగ్లీషులో, నెమ్మదిగా.

"వచ్చు."

"ఎప్పటి నుంచి?"

"రాకముందు నుంచీ."

దాని చెయ్యి నెత్తిమీద జుట్టు కోసేసిన చోటికి పోయింది. "అయితే ఇది కూడా విన్నావా?"

తల ఊపాను.

ఆ చెయ్యి మెడ మీదకి దిగింది, తడిసి ఊడిపోతున్న కట్టు మీదకి. "జాగ్రత్త అన్నావు. ఊరికే అన్నావు."

నా ఉద్యోగం పద్ధతి అది అన్నాను. పెద్ద టీచర్‌కి చెప్పాను అన్నాను. నీకు చెబుదామనే అనుకున్నాను, రేపు రేపు అని... ఒక్కొక్క మాటా నోట్లోంచి వస్తుంటే ఎంత చచ్చుగా ఉందో నాకే వినపడుతోంది. అది అన్నీ విన్నది. అడుగు ముందుకేసి నా చెంప మీద కొట్టింది. చెయ్యి తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. మందు పడి బొబ్బలెక్కిన దవడ మీదే పడింది ఆ దెబ్బ. కళ్ళు బైర్లు కమ్మాయి.

నా మీద చెయ్యి చేసుకున్నవాళ్ళని నేను ఊరికే వదిలిపెట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చేతులు రెండూ పక్కనే వేలాడుతున్నాయి. ఇంకొకటి కొట్టినా బాగుండును అనిపించింది. కొట్టలేదు.

అది నా మొహం వంక, తర్వాత నా మెడ వంక చూసింది. ఒక పక్క భుజం దాకా, ఇంకో పక్క చెవి దాకా ఎలుకలు కొరికినట్టు వేలాడుతోంది నా జుట్టు. కింద పడ్డ కుర్చీ ఒకటి లేపి అద్దం ముందు వేసింది.

"కూర్చో, టీచర్" అంది.

కూర్చున్నాను. నా మెడ చుట్టూ గుడ్డ కట్టింది. చెవికి అంటుకున్న రక్తం దూదితో తుడిచింది. ట్రాలీలోంచి కత్తెర తీసి, గాలిలో ఒకసారి ఆడించి చూసి, దువ్వెనతో ఒక పాయ పైకెత్తింది. చల్లటి కత్తెర నా మెడకి తగిలింది, సరిగ్గా దానికి కాలిన చోటే. నేను కదలకుండా కూర్చున్నాను.

కత్తెర పెట్టే ముందు కస్టమర్‌ని ఒక ప్రశ్న అడగాలి. హౌ వుడ్ యు లైక్ యువర్ హెయిర్, మేడమ్? జుట్టు ఎలా కత్తిరించమంటారు అని. ఆ ప్రశ్న దానికి నేర్పింది నేనే, మొదటి వారంలో, చివరి బల్ల దగ్గర.

అది అడగలేదు. కత్తిరించడం మొదలుపెట్టింది.